స్టోర్ కీపర్ నేల మీద కూర్చున్న ఏడు రోజులు

ఖతర్ ప్రయాణం కుదిరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ టైమ్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరై వచ్చినవాణ్ణి కదా, నాలుగు ముక్కలు చెబుతానని వాళ్ళ నమ్మకం. చెబుతాను. ఎండలో తలకి గుడ్డ తీయొద్దంటాను, ఐడీ కార్డు జేబులోనే ఉంచుకోమంటాను, రూములో వంట వంతు ఎగ్గొట్టొద్దంటాను. ఇవన్నీ బుద్ధిగా తలూపుతూ వింటారు. ఆఖర్న, ‘ఎవరి తరఫునా వాళ్ళని అడక్కుండా ఫోన్లో మాట చెప్పకండి’ అంటాను. అక్కడ మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. పెద్దాయనకి చాదస్తం అనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. ఆ చాదస్తం నాకెలా పట్టుకుందో తీరిగ్గా రాస్తున్నాను. రాస్తూంటే సిగ్గూ వస్తోంది, అంతకంటే ఎక్కువగా కృతజ్ఞతా కలుగుతోంది.

మా స్టోర్ కీపర్ బొంబాయి మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలుతో ఉండేవాడు. ఏ అరలో ఏ సైజు బోల్టు ఉందో చూడకుండా చెప్పేవాడు. ఎవరైనా చేతులూపుకుంటూ వచ్చి, “ఒక్క గ్లవ్స్ జతే కదా సాబ్, స్లిప్పెందుకు?” అంటే, “ఒక్క జతకి ఒక్క స్లిప్పే కదా, తీసుకురా,” అని మళ్ళీ లెక్కలో తల దూర్చేవాడు. సైట్లో ఆయన్ని తిట్టుకోని ఫోర్‌మన్ లేడు. ఆయన దగ్గర సరుకు లేదన్న మాట విన్న ఫోర్‌మనూ లేడు.

అందరికీ సెలవు శుక్రవారం. ఈయనొక్కడూ శుక్రవారం వచ్చి యార్డులో సరుకు లెక్కపెట్టుకుని, శనివారం సెలవు తీసుకునేవాడు. శుక్రవారం యార్డు ఖాళీగా ఉంటుంది, లెక్క తప్పదు అన్నది ఆయన చెప్పే కారణం. మేనేజర్‌కి అంతకన్నా కావలసిందేముంది? కానీ నేను టైమ్ కీపర్ని. హాజరు షీట్లో ఏళ్ళ తరబడి ఒకే మనిషికి శనివారం గడి ఖాళీగా కనిపిస్తుంటే ఊరుకుంటానా? ఒకరోజు టీ తాగుతూ అడిగేశాను.

ఆయన కాసేపు కప్పులోకి చూసి, “మేం యూదులం భాయ్. శనివారం పని ముట్టుకోం,” అన్నాడు.

మాది గోదావరి జిల్లాలో క్రైస్తవ కుటుంబం. యూదుల గురించి ఆదివారపు బడిలో వినడమే తప్ప, చెవి మీద పెన్సిలు పెట్టుకుని హిందీ మాట్లాడే యూదుడు ఉంటాడని ఊహించలేదు. బొంబాయి పక్కన కొంకణంలో తరతరాలుగా ఉన్నారట. ఇంట్లో మరాఠీ మాట్లాడతారట, పూర్వం నూనె గానుగలు ఆడించేవారట.

“అయితే బైబిల్లో నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగింది మీ వాళ్ళేనన్నమాట!” అన్నాను.

“వెంట స్టోర్ కీపర్ని తీసుకెళ్ళలేదు. అందుకే అంత లేటయింది,” అన్నాడు.

ఆ సంగతి దాచమని ఆయన అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి మేం మిత్రులమయ్యాం. ఆయన గురించి నేను తెలుసుకున్న రెండో సంగతి, తల్లీ తండ్రీ లేరని. అక్క, తను, తమ్ముడు ముగ్గురూ బొంబాయిలో యూదుల అనాథాశ్రమంలో పెరిగారట. అక్క పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. ఇంతకు మించి చెప్పేవాడు కాదు. మిగతాదంతా నాకు ఆ ఏడు రోజుల్లోనే తెలిసింది.

అది రంజాన్ నెల ఆఖరి గురువారం. మర్నాటి నుంచి స్టాఫుకీ సైటుకీ ఈద్ సెలవులు. సెలవుల ముందు స్టాకు తేల్చాలని ఆయన పొద్దున్నే యార్డుకి పోయాడు. లెక్కపెట్టేటప్పుడు ఫోను డ్రాయర్లో పడేసి తాళం వేయడం ఆయన అలవాటు. ఎవరైనా ఫోన్ చేస్తే లెక్క మర్చిపోతాడట. పదకొండింటికి టైమ్ ఆఫీసు ఫోను మోగింది. బొంబాయి నుంచి ఆయన తమ్ముడు. నేనెప్పుడూ ఆ గొంతు వినలేదు.

“దాదా ఫోను ఎత్తడం లేదు. అక్క పోయిందని చెప్పండి. పొద్దున ఆస్పత్రిలో పోయింది. సాయంత్రం అయిదింటికి పూడుస్తున్నాం,” అన్నాడు హిందీలో. దాదా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. అంతకు ఆరేళ్ళ ముందు మా నాన్న పోయాడు. నేను దోహాలో ఉన్నాను. మా వాళ్ళు ఐసు పెట్టె తెచ్చి రెండు రోజులు ఉంచారు. నేను చేరాక మొహం మీద గుడ్డ తీసి చూపించారు. ఆ చూపు దక్కిందన్న తృప్తితోనే ఆ దుఃఖం తట్టుకున్నాను. మా జిల్లాలోనే కాదు, కరీంనగర్, జగిత్యాల వైపు ఊళ్ళలోనూ అంతే. ‘దుబాయ్ నుంచి కొడుకొస్తున్నాడు’ అంటే ఐసు పెట్టె వచ్చేస్తుంది, ఊరంతా ఆగుతుంది. ఆగకపోతే తప్పు. నాకు తెలిసిన మర్యాద అదొక్కటే.

“అయ్యో, అంత తొందరేంటండీ! మీ అన్నయ్య రావద్దా? ఐసు పెట్టెలో ఉంచండి,” అన్నాను.

“మాలో అలా ఉంచరండీ,” అన్నాడతను.

నేను వింటేగా! ఎదురుగా కంప్యూటర్లో అప్పటికే టికెట్లు వెతికేస్తున్నాను. ఈద్ రద్దీ, శనివారం దాకా ఒక్క సీటూ లేదు. “ఆదివారం పొద్దున్న కల్లా వచ్చేస్తాడు. అప్పటిదాకా ఆపండి,” అన్నాను. అతను ఒప్పుకోడేమోనని భయమేసింది. మాటకి బరువు చాలలేదనిపించి ఇంకో ముక్క కలిపాను. “ఇది నా మాట కాదండీ. మీ అన్నయ్యే చెప్పమన్నాడు. తను వచ్చేదాకా ఆగమన్నాడు.”

అటువైపు ఫోన్ పెట్టేసిన శబ్దం వినపడింది.

నేను ఆ అబద్ధం చెప్పి ఛాతీ విరుచుకున్నాను. మీరు నవ్వినా సరే, స్నేహితుడికి గొప్ప మేలు చేశాననుకున్నాను.

కారేసుకుని యార్డుకి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన చేతిలో లెక్క పలక ఉంది. దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి కేబుల్ చుట్ట మీద కూర్చున్నాడు. చొక్కా కాలరు కింద కుడివైపు రెండు చేతులతో పట్టుకుని బెత్తెడు మేర చించుకున్నాడు. నేను కంగారుపడి చేతులు పట్టుకోబోయాను.

“వదులు. అది మా పద్ధతి. ఎప్పుడు పూడుస్తున్నారట?” అన్నాడు.

“ఆపించానండీ. మీరు వెళ్ళేదాకా ఉంచమన్నాను.”

ఆయన నిలబడ్డాడు. అంత కోపం ఆయన మొహంలో ఇరవై ఏళ్ళలో చూడలేదు. “ఎవరు ఆపమన్నారు నిన్ను? పోయిన మనిషిని నా కోసం కూర్చోబెడతావా? శుక్రవారం సాయంత్రం దాటితే శనివారం పూడ్చరు, తెలుసా? మూడు రోజులు ఆవిణ్ణి మట్టికి చేర్చకుండా ఉంచుతారా?”

మా పక్కన నిలబడ్డ యార్డు లారీ డ్రైవరు పెషావర్ మనిషి. అతను కూడా తల అడ్డంగా ఊపాడు. “మాలోనూ ఆపరు సాబ్. ఎంత తొందరగా పంపిస్తే అంత గౌరవం,” అన్నాడు. అన్నేళ్ళు ఆ దేశంలో ఉండి, పొద్దున పోయిన మనిషిని సాయంత్రానికి పూడ్చడం ఎన్నిసార్లు చూశానో! చూశాను గానీ, అది నాకు పట్టని సంగతి అనుకున్నాను.

ఆయన స్టోరు గదిలోకెళ్ళి డ్రాయర్లోంచి ఫోను తీసి తమ్ముడికి చేశాడు. ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాడు. ఆఖరికి వాళ్ళతోపాటు ఆశ్రమంలో పెరిగిన పొరుగాయనకి చేస్తే ఆయన ఎత్తాడు. పూడ్చడం ఆపలేదట. అయిదింటికే. ఆ మాట వినగానే ఈయన కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. కానీ పొరుగాయన ఇంకో మాట కూడా చేరవేశాడు. తమ్ముడు చెప్పమన్నాడట: “దాదా కోసం అక్క బతికున్నన్నాళ్ళూ ఆగింది. అది చాలదా? ఇప్పుడు కూడా ఆగాలా?”

ఈయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నాతో, “వాడన్నది నిజమే. పోయినేడు వస్తానని చెప్పి వెళ్ళలేదు. ప్రాజెక్టు అప్పగింత ఉందన్నాను. వాడి కోపం న్యాయమే,” అన్నాడు.

ఆ కోపం పోయినేటి లీవు గురించే కాదని, నేను ఆయన పేరు పెట్టి చెప్పిన మాట గురించని నాకు మాత్రమే తెలుసు. ఆ క్షణంలోనే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి ఇప్పుడెందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికివాడికి సాకులకేం తక్కువ?

టికెట్టు వద్దన్నాడు. పూడ్చడం అయిపోయాక ఏడు రోజులు నేల మీద కూర్చోవాలట, గడప దాటకూడదట. అక్కడ తమ్ముడు కూర్చుంటాడు, ఇక్కడ నేను కూర్చుంటాను అన్నాడు. ముఐథర్‌లో కంపెనీ తీసుకున్న విల్లాలో ఆయనదో గది. అద్దానికి దుప్పటి కప్పాడు, పరుపు తీసి గోడకి నిలబెట్టాడు, గాజుగ్లాసులో నూనె పోసి వత్తి వెలిగించాడు. చిరిగిన చొక్కాతోనే గచ్చు మీద చతికిలబడ్డాడు.

ఆ ఇంట పొయ్యి వెలగదని నాకు తెలుసు, ఆ మాత్రం మర్యాద మనకీ ఉంది. అల్ హిలాల్‌లో నా ఫ్లాటుకి పోయి గుడ్లు ఉడకబెట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చాను. గుమ్మంలోనే మా స్టీలు ఫోర్‌మన్ టిఫిన్ క్యారియర్‌తో ఎదురయ్యాడు. జగిత్యాల దగ్గరి మనిషి. డ్రైవరు చెబితే క్యాంపు నుంచి పప్పూ అన్నమూ పట్టుకొచ్చాడు. నా గిన్నె మూత తీసి చూసి మొహం చిట్లించాడు.

“సావైనింట్ల గుడ్లేందన్నా? నీకేమన్న సమజైతదా?”

“మా వైపు తింటాం లేవయ్యా,” అన్నాను.

లోపల ఆయన రెండు గిన్నెలూ చూసి ఆశ్చర్యపోయాడు. వాళ్ళ ఆచారంలో మట్టి చేసి వచ్చాక మొదటి భోజనం సొంత ఇంటిది తినకూడదట, బయటివాళ్ళు తేవాలట. అందులో పెట్టేవి గుడ్లూ, పప్పూనట.

“మీ ఇద్దరికీ ఎవరు చెప్పారు?” అని అడిగాడు.

“ఎవల్ జెప్తరు సాబ్? ఇంట్ల ఉన్నయి, తెచ్చినం,” అన్నాడు ఫోర్‌మన్. తర్వాత నా వైపు తిరిగి, “గుడ్ల సంగతి మాఫీ ముష్కిల్, తియ్యి,” అని గల్ఫ్ అరబ్బీలో ఫరవాలేదనేసి రాజీ పడ్డాడు.

అలా మొదలై ఏడు రోజులూ ఇద్దరం వెళ్ళాం. ఎలాగూ సెలవులే. ఏషియన్ టౌన్‌లో సినిమా చూద్దామని ఫోర్‌మన్ నెల ముందే వేసుకున్న ప్లాను ఊసెత్తలేదు. ఆయన గదిలో ఒక నియమం ఉంది. పరామర్శకి వచ్చినవాళ్ళు ముందుగా నోరు విప్పకూడదు. ఆయన మాట్లాడితేనే మాట్లాడాలి. నేను గోదావరి వాణ్ణి. మౌనంగా కూర్చోవడం నాకు ఎంత శిక్షో మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఫోర్‌మన్ మాత్రం హాయిగా గోడకి జేరబడి కూర్చునేవాడు. నేను గొంతు సవరించుకుంటే మోచేత్తో పొడిచేవాడు. ఆయనే మెల్లగా మొదలుపెట్టి అక్క గురించి చెప్పేవాడు.

అమ్మ నాలుగో కాన్పులో బిడ్డతో సహా పోయింది. ఏడాది తిరక్కుండా నాన్న కామెర్లతో పోయాడు. అప్పటికి అక్కకి పదకొండేళ్ళు, ఈయనకి ఏడు, తమ్ముడికి మూడు. చుట్టాలు ముగ్గుర్నీ ఒక రేకు పెట్టెతో ఆశ్రమం గేటు దగ్గర దింపారు. మగపిల్లలు పైఅంతస్తు, ఆడపిల్లలు కింద. భోజనాల బల్లలు వేరు, ఆట వేళలు వేరు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలుసుకునేది శనివారం ప్రార్థన అయ్యాక ఒక్క గంట. మూడేళ్ళ వాడు అక్క కోసం వారం రోజులు ఏడ్చాడట.

అక్క రూలు మీద గొడవ పెట్టుకోలేదు. బట్టల గదిలో పని చేస్తానని అడిగి చేరింది. ఎందుకంటే ఆ ఇంట్లో పైవాళ్ళవీ కిందవాళ్ళవీ కలిసేది ఆ ఒక్క గదిలోనే. ఉతికిన బట్టలన్నీ అక్కడికొచ్చేవి. ప్రతి చొక్కా మీదా ఒక నంబరు. ఈయనది ముప్పై ఒకటి, తమ్ముడిది ముప్పై రెండు.

“మా చొక్కాలు చూసి మా సంగతి చెప్పేసేది,” అన్నాడాయన. “బొత్తాం ఊడితే నేను ఎవరితోనో కొట్టుకున్నట్టు. చేతి అంచు తడిసి గట్టిపడితే తమ్ముడు ఏడ్చినట్టు. రెండు రోజులు చొక్కా మాయకపోతే జ్వరం వచ్చినట్టు. వెంటనే పైనున్న ఆయమ్మకి కబురు పెట్టేది. మడతపెట్టేటప్పుడు జేబులో నాలుగు వేయించిన శనగలు వేసేది. వారం వారం మాకు ఉత్తరం వచ్చినట్టుండేది.”

“అరలూ నంబర్లూ మీకక్కడ అలవాటయ్యాయన్నమాట,” అన్నాను.

“ఆవిడ బట్టల అర చూసి నేర్చుకున్నాను. ఇంత పెద్ద యార్డున్నా ఆవిడంత శుభ్రంగా ఉంచలేకపోయాను.” చిరిగిన చొక్కా అంచు చూసుకున్నాడు. “ఇన్నేళ్ళూ మా చిరుగులు కుట్టింది ఆవిడే. ఇది మాత్రం ఏడు రోజులయ్యే దాకా కుట్టకూడదు.”

ఫోర్‌మన్ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, కానీ నా కన్నీళ్ళలో నా తప్పు కూడా ఉంది.

శనివారం మాత్రం ఆయన లేచి స్నానం చేసి మంచి బట్టలు కట్టుకున్నాడు. ఆ రోజు బయటికి దుఃఖం చూపకూడదట. ఆ సాయంత్రం మళ్ళీ నేల మీద కూర్చున్నాక అసలు కథ చెప్పాడు. ఆశ్రమంలో పెద్దయిన పిల్లల్ని చాలామందిని యూదుల దేశానికి పంపేవారట. అక్కకి పద్దెనిమిది నిండాక ఆవిడ వంతు వచ్చింది. తోటి ఆడపిల్లలంతా కొత్త బట్టలు కుట్టించుకుంటున్నారు. అక్క ఆఫీసు గదిలోకి వెళ్ళి, “మా ముగ్గురికీ టికెట్లు ఇస్తారా?” అని అడిగింది. తమ్ముడు మరీ చిన్న, ఇప్పుడు కాదు అన్నారు. సరే అని బయటికొచ్చి బట్టల గదిలో మిగిలిన పని పూర్తిచేసింది. అంతే. ఆ తర్వాత అదే ఆశ్రమంలో జీతానికి కుదిరి, ఇద్దరూ బయటపడేదాకా అక్కడే ఉండిపోయింది. స్నేహితురాళ్ళ పెళ్ళి ఫోటోలు వచ్చేవట. తమ్ముళ్ళు కవర్ల మీద స్టాంపులు చింపుకునేవారట.

“నేను గల్ఫ్‌కి వస్తానంటే ఒక్క మాట అడ్డు చెప్పలేదు,” అన్నాడు. “తమ్ముడు మాత్రం నెల రోజులు మాట్లాడలేదు. ‘అక్క మన కోసం ఓడ ఎక్కలేదు, నువ్వు విమానం ఎక్కుతున్నావా’ అన్నాడు. వాడికది ఇన్నేళ్ళయినా చల్లారలేదు. మధ్యలో అక్క ఉండబట్టి మేం మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆవిడ లేదు. వాడు ఫోను ఎత్తకపోతే, భాయ్, నాకింక ఎవరున్నారు?”

ప్రతి రోజూ మా ఎదుటే తమ్ముడికి ఫోన్ చేసేవాడు. మోగి మోగి ఆగిపోయేది. ఆయన ఫోను బోర్లా పెట్టి, “రేపు ఎత్తుతాడు,” అనేవాడు. అలా నాలుగు రోజులు, అయిదు రోజులు. ఆ ఫోను బోర్లా పెట్టినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు. చెప్పాలని నోరు తెరిచేవాణ్ణి. ఫోర్‌మన్ నేనేదో వాగబోతున్నానని పొడిచేవాడు. నేను మూసుకునేవాణ్ణి. ఆ మోచేయి నాకు మంచి సాకైపోయింది.

ఆరో రోజు మంగళవారం. తిరిగి వస్తూ కార్లో ఫోర్‌మన్‌కి చెప్పేశాను. అతను, “బండాపు,” అన్నాడు. పక్కకి తీసి ఆపాను.

“ఆయన జెప్పిండని జెప్పినవా? ఆయనకు ఎరుక లేకుండ?”

“మంచికే చెప్పానయ్యా.”

“మంచికో చెడ్డకో నాకెందుకన్నా! నువ్వన్న మాటకు ఆయన ఆరొద్దుల సంది తిట్లు వడ్తుండు. ఆరొద్దులు ఆయన ముంగట కూసోని గుడ్లు వెట్టినవ్ గద!” కాసేపు అద్దంలోంచి బయటికి చూశాడు. గొంతు తగ్గించాడు. “మేం ముగ్గురన్నదమ్ములం. పెద్దోని తోని నాకు తొమ్మిదేండ్ల సంది మాటల్లేవు. ఎందుకు లెవ్వో గుడ ఇప్పుడు సరిగ్గ యాదికి లేదు. నడుమ ఎవడో ఏదో అన్నడు. గా అన్నోడు వచ్చి, ‘తప్పు నాదిరా’ అంటే గింత దూరం రాకపోవు. రేపు నువ్వు జెప్పకుంటె నేనే జెప్త.”

నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు నన్నంత మాటన్నాడు. ఆ మాటకి ఇవాళ్టికీ అతనికి దణ్ణం పెడతాను.

బుధవారం పొద్దున ఏడున్నరకల్లా ముఐథర్‌లో ఉన్నాం. ఆ వేళ ఆఖరు. ఆయన నేల మీదే ఉన్నాడు, గడ్డం నెరిసి మాసి ఉంది. ఏడో రోజు పొద్దున కాసేపు కూర్చుంటే చాలట. అప్పుడు వచ్చినవాళ్ళు ‘లే’ అని చెప్పాలట. చెబితే లేచి, వీధిలోకి వెళ్ళి సందు చుట్టూ ఒకసారి నడిచి రావాలట. మళ్ళీ మనుషుల్లో పడ్డట్టు.

“నాకిక్కడ మా వాళ్ళెవరూ లేరు. ఏడు రోజులూ వచ్చింది మీరే. మీరే చెప్పండి,” అన్నాడు.

ఫోర్‌మన్ నా వైపు చూశాడు. ఈసారి మోచేయి కదపలేదు.

“నేను చెప్పలేనండీ. ముందు ఇంకొకటి చెప్పాలి,” అన్నాను. చెప్పాను. తమ్ముడు ఏమన్నాడో, నేనేమన్నానో, ఏ మాట దగ్గర ఆయన పేరు వాడానో అంతా చెప్పాను. చెప్పేటప్పుడు తలెత్తలేదు.

ఆయన నా వైపు తిరిగాడు. “నా నోటి మాటగా చెప్పావా?” అన్నాడు.

“అవునండీ.”

“వాడు నమ్మాడు.” కోపం కాదు, ఏదో కొత్త సంగతి తెలిసినట్టు అన్నాడు. “నేను అలా అంటానని వాడు నమ్మాడు. అంటే తప్పు నీదొక్కడిదే కాదు.” నా జేబులోని ఫోను చూపించి, “నాకు చెప్పి ఏం లాభం? వాడికి చెప్పు,” అన్నాడు.

నా ఫోను తీసి ఆయన చెప్పిన నంబరు నొక్కాను. తెలియని నంబరు కదా, రెండో రింగుకే ఎత్తాడు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి ఫోను గచ్చు మీద పెట్టాను. టైమ్ ఆఫీసు మనిషినని చెప్పాను. “ఆ రోజు మిమ్మల్ని ఆగమంది మీ అన్నయ్య కాదండీ. ఆయనకి అప్పటికి అక్క పోయిన సంగతే తెలియదు. నేనే అన్నాను. ఆయన పేరు నేనే వాడుకున్నాను. తెలిశాక ఆయన నన్ను తిట్టిన మొదటి మాట, ఆవిడ నా కోసం ఆగకూడదు అని.”

“మీరెందుకలా చెప్పారు?” ఆ గొంతులో గదమాయింపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

“మా నాన్నని నా కోసం రెండు రోజులు ఆపారండీ. నేను వెళ్ళి చూసుకున్నాను. మీ అన్నయ్యకి కూడా ఆ చూపు దక్కాలనుకున్నాను. అందరికీ అదే మంచిదనుకున్నాను. క్షమించండి.”

ఈయన గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు. ఫోర్‌మన్ కళ్ళు మూసుకున్నాడు.

“ఇక్కడ ఇప్పుడు పది దాటింది,” అన్నాడు తమ్ముడు. “పొద్దున్నే పొరుగువాళ్ళొచ్చి నన్ను లేవమన్నారు. లేవలేకపోయాను. నేనింకా కిందే కూర్చున్నాను. దాదా లేచాడా?”

“లేదండీ. కిందే ఉన్నారు. మీ మాట వింటున్నారు.”

ఈయన ఫోను చేతిలోకి తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. మరాఠీలో ఒకే ముక్క అన్నాడు.

“ఊఠ్.”

లెమ్మని. అటునుంచి ఏడుపు గొంతుతో అదే మాట వచ్చింది.

“తూ పణ్ ఊఠ్, దాదా.”

నువ్వు కూడా లే, అన్నా. ఆయన ఒక చెయ్యి ఫోర్‌మన్ భుజమ్మీద, ఒక చెయ్యి నా భుజమ్మీద వేసి లేచాడు. పట్టుకున్నాం. నిలదొక్కుకున్నాక మా చేతులు తీయించి, స్పీకరు ఆపి, ఫోను చెవికి పెట్టుకుని గడప దాటాడు. అది నా ఫోనని ఆయనకి గుర్తులేదు. నేనూ గుర్తుచేయలేదు.

మేమిద్దరం గేటు దగ్గర నిలబడ్డాం. ఆ సందు చుట్టి రావడానికి అయిదు నిమిషాలు పడుతుంది. మలుపు దగ్గర ఆయన ఆగి ఏదో వింటూ తలూపడం కనిపించింది, తర్వాత అటు తిరిగాడు. ఫోర్‌మన్ మెట్టు మీద కూర్చుని తన ఫోను తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. స్టోర్ కీపర్ తిరిగి వచ్చేసరికి గంటన్నర దాటింది.